పగులు

బీచ్ రోడ్డులో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిన
ఆ పాత యుద్ధవిమానం కింద
పిల్లలు పుల్ల ఐస్ చీకుతూ ఫొటోలు దిగుతుంటారు.
దాని ఎడమ రెక్క నాకు తెలుసు.
మొదట్లో, లోపలి వైపు, మూడో రివెట్ పక్కన
వెంట్రుకంత పగులు.
పట్టింది నేనే, ఒక ఆగస్టు మధ్యాహ్నం.

ఎర్ర రంగు పూసి, పావుగంట ఆగి,
గుడ్డతో తుడిచి, తెల్లపొడి చల్లితే
లోహం తన నొప్పి తానే బయటపెడుతుంది,
సన్నగా, పాపిట్లో గీత లాగ.
అది చూసి మా తవిటయ్య మేస్త్రి
"దీని పని అయిపోనాది బావూ" అన్నాడు.
వారం తిరక్కుండా పైనుంచి కాయితం వచ్చింది:
ఇంకో ఆరొందల గంటలు ఎగరొచ్చని.

లోహానికి చదువు రాదు.
ఆ కాయితం దానికెవరు చదివి వినిపించాలి?

విడిభాగాలు రాని ఏడాది
మూడింటిని విప్పి రెండింటిని ఎగరేశాం.
విప్పినదాన్ని హ్యాంగర్ మూల టార్పాలిన్ కప్పి
క్రిస్మస్ చెట్టు అనేవాళ్ళం.
ఎవడికి కావలసింది వాడు తెంపుకుపోయే చెట్టు.
లెక్కల్లో మాత్రం మూడూ ఉన్నట్టే.

ఇప్పుడు కొత్తవి వచ్చాయి.
వాటి దగ్గర పనిచేసే నయోమి
డ్యూటీ దిగాక సింధియా జంక్షన్‌లో టీకి ఆగుతుంది.
"బాబాయ్, దీనికి ఒంట్లో బాగోకపోతే అదే చెప్పేస్తుంది, తెర మీద."
చెప్పకూడదనుకుంటే? అన్నాను.
నవ్వింది. తర్వాత నవ్వు ఆపి,
పదకొండు రోజులు ఒకటి కదల్లేదంది.
చెడిపోయి కాదు. తాళం మన దగ్గర,
తాళంచెవి సముద్రాలవతల ఎవరి కంప్యూటర్లోనో.

అయినా కాదనను.
నూరు మైళ్ళ అవతలి వాణ్ణి, వాడు చూడకముందే చూస్తుందది.
మా పాతది ఎదురుపడితే గానీ ఎరగదు.
ముందు చూసినవాడిదే ఆకాశం అంటుంది నయోమి.
కావచ్చు.
పిట్ట పేరు పెట్టుకుని తుఫాను వచ్చిన రోజు
విమానాలు గొలుసులతో నేలకి కట్టుబడి ఉంటే
హ్యాంగర్ రేకులు మాత్రం పైలట్ లేకుండా ఎగిరాయి.
ఆ పూట ఆకాశంలో పైచేయి రేకులది.

మామూలు రోజుల్లో గద్దలది.
హార్బర్ చేపల వాసనకి రన్‌వే దాకా వస్తాయి.
టపాసులు పేల్చి తోలడానికి
మైలపిల్లి ఎర్రయ్యకి నెల జీతం.
వాటికి పాతా కొత్తా తేడా లేదు.

మొన్నొకటి కొత్తదాని రెక్కకి తగిలింది.
తెర చూస్తే అంతా క్షేమం. పచ్చ గుర్తులు.
నయోమికి ఎందుకో మనసొప్పలేదు.
"నీ ఎర్ర రంగు పట్టదు బాబాయ్, అది లోహం కాదు,
పొరల మీద పొరలు అతికించిన చర్మం."
మరేం చేశావన్నాను.
జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి
టీ బల్ల మీద తట్టడం మొదలెట్టింది,
కుండ కొనేముందు మా అమ్మ తట్టి చూసినట్టు.
టంగు. టంగు. టంగు.
చిల్లర కావాలా అమ్మా, అన్నాడు టీ కొట్టతను.
టంగు. టంగు.
టప్.
"ఇదిగో, ఇలా పలికింది. అరచేయంత మేర.
లోపల పొర విడిపోయింది.
నా మాట నమ్మడానికి వాళ్ళకి రెండు రోజులు పట్టింది."

అప్పుడే గాజు గ్లాసులు గలగలమన్నాయి.
రెండు వెళ్ళాయి యారాడ కొండ మీదుగా సముద్రం వైపు,
ఒకదాని వెనక ఒకటి.
నేను తలెత్తాను.
తను ఎత్తలేదు, కళ్ళు మూసుకుని వింటోంది.
ముందుది పాతది అన్నాను.
అవునంది.
ఎదురు ఎవరైనా వస్తే
ఈ రెండూ ఆపుతాయా అని
టీ కొట్టతను అడిగాడు.

మేమిద్దరం ఆ శబ్దం
పూర్తిగా పోయేదాకా విన్నాం.
రూపాయి బిళ్ళ ఇంకా తన వేళ్ళ మధ్యే ఉంది.